బర్గర్ షాపుల్లో కూర్చుని జీఎస్టీ రిటర్నులు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నేను చిన్న వ్యాపారాలకు అకౌంట్లు చూస్తాను. క్లయింట్లలో కొందరు నెల్లూరు, కొందరు ఒంగోలు, మిగతావాళ్లు విజయవాడ, గుంటూరు. నాకు ఆఫీసంటూ లేదు. నెలలో పది పన్నెండు రోజులు రైళ్లూ బస్సుల్లోనే గడుస్తాయి. పొద్దున ఒకరి దగ్గర బిల్లులు తీసుకుని సాయంత్రం ఇంకొకరిని కలిసేలోపు మూడు నాలుగు గంటలు మిగులుతాయి చూడండి, అవి ఎక్కడ కూర్చుని గడపాలన్నదే నా సమస్య.

లాడ్జి రూము తీసుకుంటే వెయ్యికి పైనే అవుతుంది, తీరా చూస్తే టేబుల్ ఉండదు, మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుంటే ముందు నడుం పట్టేస్తుంది, తర్వాత నిద్ర పట్టేస్తుంది. టిఫిన్ హోటల్లో మనం చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మన కుర్చీ వెనకాల ఇంకో కుటుంబం నిలబడి ఉంటుంది. వాళ్లనేం అనలేం, టేబుల్ ఎంత త్వరగా ఖాళీ అయితే అంత వ్యాపారం అక్కడ. ఖరీదైన కాఫీ షాపులు బాగుంటాయి కానీ రెండు కాఫీలకే ఐదొందలు దాటుతుంది. (మన దేశంలో మొదటి కెఫే కాఫీ డే 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో మొదలైంది ఇంటర్నెట్ కెఫేగానే. ఇప్పుడు నెట్ మన జేబులోనే ఉంది, లేనిది కుర్చీయే.)

అలా తిరిగి తిరిగి చివరికి కౌంటర్ దగ్గర ఆర్డర్ చెప్పి ట్రే మనమే మోసుకెళ్లే చవక బర్గర్, ఫ్రైడ్ చికెన్ షాపుల్లో పడ్డాను. వీటిలో నాకు నచ్చింది ఏసీ కాదు, వైఫై అసలే కాదు. డబ్బులు ముందే కట్టేస్తాం కాబట్టి ఆ తర్వాత మనల్ని ఎవరూ పలకరించరు. "ఇంకేం కావాలి సార్" అంటూ బిల్లు పట్టుకుని పక్కన నిలబడే మనిషి ఉండడు. ఒక కాఫీ, ఒక చిన్న బర్గర్, మొత్తం 120 నుంచి 180 రూపాయలు. బిల్లులో కేంద్రానికి 2.5 శాతం, రాష్ట్రానికి 2.5 శాతం అని రెండు ముక్కలుగా ఉన్న జీఎస్టీ చూసుకోవడం నా వృత్తి జబ్బు, దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) రాదని తెలిసి కూడా బిల్లు మడిచి పర్సులో పెట్టుకుంటాను.

టైము చూసుకోవడం ముఖ్యం. తెల్లవారుజామున రైలు దిగినవాడికి ఇవి ఎందుకూ పనికిరావు, నేను వెళ్లే ఊళ్లలో చాలావరకు పదకొండుకి గానీ షట్టర్ తియ్యరు. అందాకా స్టేషన్ వెయిటింగ్ హాలే గతి. ఒంటి గంట నుంచి రెండున్నర దాకా భోజనాల రద్దీ, అప్పుడు టేబుల్ పట్టుకుని కూర్చోవడం నాకే సిగ్గనిపిస్తుంది, లేచి వెళ్లిపోతాను. పావు తక్కువ మూడు నుంచి ఐదు వరకు మాత్రం స్వర్గం. ఐదు దాటితే కాలేజీ పిల్లలు, ఆ తర్వాత బెలూన్లు, బర్త్‌డే పాటలు. ఆదివారం అసలు పెట్టుకోకండి.

సీటు ఎప్పుడూ గోడకి వీపు ఆనేలా చూసుకుంటాను, స్క్రీన్ మీద ఉండేది ఇంకొకరి అమ్మకాల లెక్క కదా. ప్లగ్ పాయింట్ దొరికితే అదృష్టం. సాధారణంగా చెత్తబుట్ట వెనకాల, నేల తుడిచే మిషన్ కోసం పెట్టింది ఒకటి ఉంటుంది, దాంట్లో పిన్ను నిలబడదు, టిష్యూ పేపర్ మడిచి ఛార్జర్ కింద దోపాల్సిందే. దీంతో విసిగిపోయి లాప్‌టాప్‌కి పనికొచ్చే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొన్నాను, నా లాప్‌టాప్‌ని దాదాపు ఒకసారి నింపుతుంది. వైఫై సంగతి అడక్కండి, ఓటీపీ వచ్చేలోపు ఫ్రైస్ చల్లారిపోతాయి. ఫోన్ హాట్‌స్పాటే వాడతాను. జీఎస్టీ పోర్టల్‌కి, ఎక్సెల్‌కి రోజుకి 1.5 జీబీ ప్లాన్ సరిపోతుంది.

ఫోన్ మాట్లాడే పనికి మాత్రం ఇవి సున్నా. ఒకసారి ఒక పెద్దాయనకి నోటీసు గురించి వివరిస్తుంటే వెనక వంటగదిలో నూనె మూకుడు టైమర్ కీచ్ కీచ్‌మని ఆగకుండా మోగుతోంది. ఆయన కాసేపు విని, "ఏమయ్యా, ఆస్పత్రిలో ఉన్నావా? ఎవరికి బాలేదు?" అన్నారు. బర్గర్ షాపులో ఉన్నానని చెప్పలేక, "మా మావయ్యకండీ, ఇప్పుడు పర్లేదు" అనేశాను. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా మావయ్య ఆరోగ్యం అడుగుతారు.

అన్నిటికన్నా పెద్ద కష్టం ఎవరూ చెప్పరు: ఒంటరిగా వెళ్లినవాడు బాత్రూమ్‌కి ఎలా వెళ్లాలి? లాప్‌టాప్ వదిలేసి వెళ్తే భయం, అన్నీ సర్దుకుని వెళ్తే తిరిగొచ్చేసరికి ఆ గోడ పక్క సీటు పోతుంది. మొదట్లో పక్క టేబుల్ వాళ్లకి "కాస్త చూస్తుండండి" అని చెప్పేవాణ్ని, ఒకసారి అలా చెప్పి వచ్చేసరికి వాళ్లే వెళ్లిపోయి ఉన్నారు, లాప్‌టాప్ మాత్రం అలాగే ఉంది, నా గుండె అలా లేదు. ఇప్పుడు లాప్‌టాప్ బ్యాగులో వేసుకుని వెళ్తాను, టేబుల్ మీద సగం తాగిన కాఫీ, ఒక పాత ఫైలు వదిలేస్తాను. ఫైల్లో తెల్ల కాగితాలే ఉంటాయి.

ఇక తిండి. నాలుగేళ్లలో ఆరు కిలోలు పెరిగాను, చొక్కాలన్నీ వేయించిన నూనె వాసన, మా ఆవిడ బ్యాగు వరండాలోనే తెరవమంటుంది. గంటన్నరకి ఒకసారి ఏదో ఒకటి కొనడం నేను పెట్టుకున్న నియమం, కానీ అది బర్గరే అవ్వాలని లేదు, ఈ మధ్య నీళ్ల బాటిల్‌తో సరిపెడుతున్నాను.

20వ తేదీ, అంటే 3బీ రిటర్నుకి (నెల నెలా అమ్మకాలు, కట్టాల్సిన పన్ను చూపించే జీఎస్టీ లెక్క) ఆఖరి రోజు, ఈ ఏర్పాటు మీద ఎక్కువ ఆధారపడొద్దు. మొన్నామధ్య ఒంగోలులో నాలుగింటికి అంతా సిద్ధం, ఓటీపీ వెళ్లేది క్లయింటు ఫోనుకి, ఆయనేమో భోంచేసి పడుకున్నాడు. ఆయన లేచేసరికి ఆరు, పోర్టల్ నత్తలా నడుస్తోంది, పక్కన ఇరవై మంది పిల్లలు కేకు కోస్తున్నారు, తప్పిపోతే రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు. టెన్షన్‌తో నేనే కూల్‌డ్రింక్ గ్లాసు తన్నేశాను. కౌంటర్ దగ్గరి కుర్రాడు పరిగెత్తుకొచ్చి తుడిచి, "అన్నా, పైన స్టాక్ రూమ్ పక్కన టేబుల్ ఉంది, ప్లగ్ కూడా పనిచేస్తది" అన్నాడు. అక్కడే కూర్చుని ఏడున్నరకి ఫైల్ చేశాను.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ అర ఆ కుర్రాడిది. వచ్చే నెల 20 ఆదివారం పడింది, అందుకని శనివారమే నెల్లూరు బండి ఎక్కుతున్నాను.