దవాఖానలో తప్పు జరిగితే ఏది మేలు: పంచాయితీనా, ఠాణానా, కమిషనా?

ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో రోగిని వరంగల్ ప్రైవేటు దవాఖానకు తెస్తారు. ప్రాణం పోతుంది. గేటు ముందు లొల్లి, పోలీసులు, పెద్దమనుషులు. చీకటి పడేలోపు ఎంతో కొంతకు ఒప్పందం. డబ్బు ఆ రోజే చేతికొస్తుంది కాబట్టి ఈ దారికే గిరాకీ. పోస్టుమార్టం లేకుండా దహనం చేస్తే మాత్రం మరణానికి కారణం చెప్పే ముఖ్యమైన ఆధారం బూడిదైనట్టే. ‘ఎవరి మీదా ఫిర్యాదు లేదు’ అని సంతకం పెట్టిన కాగితం అవతలి వకీలు దగ్గర భద్రంగా ఉంటుంది. అద్దాలు పగిలాయా, ఉమ్మడి రాష్ట్రంలో 2008లో తెచ్చిన చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, జరిగిన నష్టానికి రెట్టింపు చెల్లింపు.

ఇక ఠాణా. భారతీయ న్యాయ సంహిత 106(1) ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల దాకా శిక్ష; చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకైతే రెండేళ్ల దాకానే. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మామూలు పొరపాటు నేరం కాదు, ఘోర నిర్లక్ష్యం ఉండాలి. పోలీసులు ముందుగా సంబంధం లేని మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, ప్రభుత్వ డాక్టరైతే మరీ మంచిది. తోటి డాక్టరుకు వ్యతిరేకంగా రాసివ్వడానికి ఎంతమంది ముందుకొస్తారు? వేరే గ్రూపు రక్తం ఎక్కించడం లాంటి కళ్లకు కట్టే తప్పుకే ఈ దారి.

డబ్బు కట్టి చేయించుకున్న వైద్యానికి వినియోగదారుల కమిషనే మేలు. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల రక్షణ చట్టం కిందికి తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలో మనకు పనికొచ్చే మార్పు ఒకటుంది: ఆస్పత్రి హైదరాబాదులో ఉన్నా, మీరు ఉండే చోటి కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కట్టిన బిల్లు 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్. 5 లక్షల లోపైతే ఫీజే లేదు. గడువు రెండేళ్లు. వకీలు తప్పనిసరి కాదు, కానీ ఈ రకం కేసుకు పెట్టుకోవడమే మంచిది.

ఓడిపోయేవాళ్లు ఎక్కువగా కాగితాల దగ్గరే ఓడిపోతారు. బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ జతచేసి ‘మనిషి చనిపోయాడు కాబట్టి నిర్లక్ష్యం’ అంటే నిలవదు. ఏ గంటకు ఏం చేయాల్సింది, ఏం చేయలేదు అన్నది చూపాలి. అది దొరికేది కేస్‌షీట్‌లో, మత్తు డాక్టరు నోట్‌లో, ముఖ్యంగా నర్సుల చార్ట్‌లో. బీపీ ఎప్పుడు పడిపోయింది, డాక్టరు ఎప్పుడొచ్చాడు అన్నవి అందులోనే ఉంటాయి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్నది 2002 నాటి వైద్య నియమావళి. దరఖాస్తు నకలు మీద ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టులో పంపండి. ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. మలేరియా జ్వరానికి టైఫాయిడ్ మందులిచ్చిన కేసది. అయినా చిక్కు ఆపరేషన్లకు నిపుణుడి మాట లేకుండా వెళ్లడం సాహసమే.

మూడు నుంచి ఐదు నెలల్లో తీర్పు రావాలని చట్టంలో ఉంది. వాస్తవంలో ఏళ్లు పడుతుంది.

వరంగల్ ప్రభుత్వ ఆస్పత్రి ఎంజీఎం లాంటి, అందరికీ ఉచితంగా వైద్యం చేసే చోటికి వినియోగదారుల చట్టం వర్తించదు. సివిల్ కోర్టుకో, తప్పు స్పష్టంగా ఉంటే హైకోర్టుకో వెళ్లాలి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ ఇప్పించేది పరిహారం కాదు, డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య మాత్రమే. కమిషన్ కేసుతోపాటు అక్కడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

అసలు సంస్కరణ రావాల్సింది ఈ కౌన్సిల్ దగ్గరే. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలో కౌన్సిల్ నిర్ణయం మీద అప్పీలు హక్కు డాక్టరుకు రాశారు, రోగి మాట లేదు. న్యూజిలాండ్‌లో లాగా తప్పెవరిదని తేల్చకుండానే ప్రభుత్వ నిధి నుంచి పరిహారం ఇవ్వాలని కొందరంటారు. అక్కడ 1974 నుంచి ప్రమాదాలన్నిటికీ ఆ నిధి ఉంది, బదులుగా పరిహారం కోసం దావా వేసే హక్కును వదులుకున్నారు. ఇక్కడ అలాంటి నిధి లేకుండా దావా హక్కు ఒక్కటే పోతే రోగికి మిగిలేది గేటు ముందు ధర్నానే. అంతకంటే ముందు రోగికి అప్పీలు హక్కు, గడువులోపు అభిప్రాయం రాసిచ్చే బయటి జిల్లా డాక్టర్ల బోర్డు కావాలి.