దేవరకొండలో ఉందామా, మిర్యాలగూడలోనా?

రెండూ నల్గొండ జిల్లా పట్టణాలే, రెండు చోట్లా ఆర్టీసీ డిపో ఉంది. తేడా అంతా నీళ్ల దగ్గరే. మిర్యాలగూడకు సాగర్ ఎడమ కాలువ అండ. అందుకే చుట్టూ వరి, ఊరి నిండా రైస్ మిల్లులు, కూలికైనా గుమాస్తాకైనా పని దొరుకుతుంది. దేవరకొండది మెట్ట. పత్తి, బత్తాయి తోటలు, బోరు మీదే ఆశ. ఫ్లోరైడ్ నీళ్లతో ఈ వైపు పల్లెలు పడ్డ బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మిర్యాలగూడకు సికింద్రాబాద్–గుంటూరు రైలు మార్గం ఉంది. దేవరకొండకు బస్సే దిక్కు. రాత్రిపూట పేషెంటును హైదరాబాద్ తీసుకెళ్లాలంటే ఆ టెన్షన్ వేరు.

పని కోసమైతే మిర్యాలగూడే. కానీ దేవరకొండలో పద్మనాయక రాజుల కోట నీడలో, తండాల నుంచి వచ్చేవాళ్లతో కళకళలాడే ఆ బజారును వదిలి నేనైతే రాలేను.