ఆర్కెస్ట్రా కండక్టింగ్ నేర్చుకోవాలంటే కన్సర్వేటరీనా, ఒపేరా హౌస్‌లో పియానోనా - ఏది మేలు?

వయొలిన్ నేర్చుకునేవాడికి వయొలిన్ ఇంట్లోనే ఉంటుంది, రాత్రి పదకొండింటికి కూడా తీసి వాయించుకోవచ్చు. కండక్టింగ్ అంటే వాయిద్యబృందం ముందు నిలబడి చేతి సైగలతో నడిపించడం, అది నేర్చుకునేవాడికి వాయిద్యం అంటే అరవై డెబ్భై మంది మనుషులు, వాళ్ల జీతాలు, హాలు అద్దె అన్నీ కలిపి. అద్దం ముందు నిలబడి రికార్డింగ్ పెట్టుకుని చేతులు ఊపొచ్చు, కానీ రికార్డింగ్ మన వెనకాల రాదు కదా, మనమే దాని వెనకాల పోతుంటాం, గట్టు మీద ఈత లాంటిదే అది. అందుకే నా లెక్కలో ఏ దారి మంచిది అనేదానికి ఒకటే ప్రశ్న: మన చెయ్యి చూసి వాయించే మనుషుల్ని ఎవరు ఎక్కువసార్లు ముందు పెడతారు?

ముందు కన్సర్వేటరీ, అంటే సంగీత కళాశాల. అన్నీ ఒకేలా ఉండవు. లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ఇల్యా మూసిన్ దశాబ్దాల పాటు చెప్పిన క్లాసులో ఎక్కువగా ఆర్కెస్ట్రా బదులు రెండు పియానోలు. తెమిర్కానోవ్, గెర్గియెవ్, బిచ్‌కోవ్ లాంటి పేరున్న కండక్టర్లు అందరూ అక్కడి నుంచి వచ్చినవాళ్లే కాబట్టి తీసిపారెయ్యలేం, ఖర్చు తక్కువ, వారం వారం నడుస్తుంది, స్కోర్ (అందరి పార్ట్‌లూ కలిపి రాసిన సంగీతం) బాగా తలకెక్కుతుంది. కాకపోతే పియానోకి ఊపిరి తీసుకునే పని లేదు, ఓబో లాంటి ఊదే వాయిద్యం వాయించేవాడికి ఉంటుంది, ఆ తేడా మాత్రం ఆర్కెస్ట్రా ముందుకెళ్తేనే తెలుస్తుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో సిబెలియస్ అకాడమీ లెక్క వేరు. యోర్మా పానులా 1973 నుంచి 1993 దాకా అక్కడ ప్రొఫెసర్, ఆయన క్లాసులో నిజం ఆర్కెస్ట్రానే ఉండేది, స్టూడెంట్ కండక్ట్ చేస్తుంటే వీడియో తీసి తర్వాత కూర్చోబెట్టి చూపించేవారు. బీథోవెన్ ఐదో సింఫనీ మొదట్లో ఉండేది నోట్ కాదు, చిన్న రెస్ట్ (నిశ్శబ్దం), చెయ్యి కిందకి పడ్డాకే మొదటి మూడు నోట్లు వస్తాయి. అక్కడ నువ్వు తడబడ్డావా లేదా అనేది గురువు చెప్పక్కర్లేదు, వీడియోలో నీకే కనిపిస్తుంది, పైగా ఆర్కెస్ట్రా చిందరవందరగా మొదలై ముందే చెప్పేసి ఉంటుంది. సలోనెన్, సరస్తే, వాన్స్కా, ఒరామో, అందరూ పానులా శిష్యులైన కండక్టర్లే... అంత చిన్న దేశం నుంచి ఇంతమంది ఎలా వచ్చారంటే నాకు తోచే జవాబు ఇదే.

రెండోది ఒపేరా హౌస్ (కథంతా పాటల్లో నడిచే నాటకాల థియేటర్) దారి, జర్మనీలో పాతకాలం నుంచీ ఉన్నది. రిపెటిటర్‌గా చేరతారు, అంటే రిహార్సల్‌లో ఆర్కెస్ట్రా మొత్తం తానే అయి పియానో వాయించేవాడు. సింగర్లకి పాత్రలు నేర్పించాలి, రానివాళ్ల పార్ట్ తనే పాడాలి, స్టేజ్ వెనక బ్యాండ్ ఉంటే దాన్ని కండక్ట్ చెయ్యాలి, అలా అలా ఏదో రోజు ఒక షో చేతికొస్తుంది. పెద్ద కండక్టర్ కారాయన్ 1929లో ఊల్మ్ అనే చిన్న ఊరి థియేటర్‌లో మొదలెట్టాడు. థీలెమాన్ పంతొమ్మిదేళ్లకే బెర్లిన్ డాయిచ ఓపర్‌లో రిపెటిటర్. పప్పానో ఇరవై ఒకటికి న్యూయార్క్ సిటీ ఒపేరాలో రిహార్సల్ పియానిస్ట్, తర్వాత 2002 నుంచి 2024 దాకా లండన్ రాయల్ ఒపేరా మ్యూజిక్ డైరెక్టర్. ఇక్కడ దొరికేది ఏంటంటే సింగర్ ఎప్పుడు ఊపిరి తీసుకుంటాడో ముందే పసిగట్టడం, రిసిటేటివ్‌లో (మాటల్లా పాడే భాగం) వాళ్లతో పాటే ఆగి వాళ్లతో పాటే కదలడం, ఇది ఏ సింఫనీ క్లాసూ సరిగ్గా నేర్పలేదు. అయితే ఓపిక కావాలి, అదృష్టం కూడా. హంగేరియన్ కండక్టర్ షోల్టీ బుడాపెస్ట్ ఒపేరాలో ఏళ్ల తరబడి రిపెటిటర్‌గా ఉంటే 1938 మార్చిలో గానీ మొదటి షో (మొజార్ట్ ఒపేరా ఫిగారో) రాలేదు, యూదుడు కావడం ఒక కారణం, ఆ మర్నాడే హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి దిగింది.

ఆర్కెస్ట్రాలో వాయిస్తూ వాయిస్తూ పోడియం (కండక్టర్ నిలబడే చిన్న వేదిక) ఎక్కినవాళ్లూ ఉన్నారు. 1886లో రియోలో టొస్కనీని అనే కుర్రాడు తన చెల్లో పక్కన పెట్టి పంతొమ్మిదేళ్లకి ఐదా ఒపేరా కండక్ట్ చేశాడు. కానీ అది ప్లాన్ చేసుకుని పట్టే దారి కాదు, కాబట్టి వదిలేద్దాం.

డబ్బు కట్టి వెళ్లే సమ్మర్ మాస్టర్‌క్లాసుల గురించి చాలామంది అడుగుతారు. పోడియం మీద దొరికే నిమిషాలకి కట్టే ఫీజు చూస్తే గుండె గుభేల్‌మంటుంది. ఆడిషన్‌కి పంపడానికి మంచి వీడియో కావాలంటే ఒకసారి వెళ్లొచ్చు, అంతకు మించి నేనైతే ఖర్చు పెట్టను. దానికంటే పక్కనుండి రిహార్సల్స్ చూడటం నయం. ముంబై నుంచి 1954లో వియన్నా వెళ్లిన జుబిన్ మెహతా, ఇటాలియన్ అబ్బాదో ఇద్దరూ అక్కడి కండక్టింగ్ గురువు స్వరోవ్‌స్కీ స్టూడెంట్లు, బయటివాళ్లని రానివ్వని రిహార్సల్స్ చూడ్డానికి అక్కడి కోరస్‌లో చేరి మరీ పాడారు, కండక్టర్లు బ్రూనో వాల్టర్‌నీ కారాయన్‌నీ అలా ఎదురుగా నిలబడి చూశారు.

సో నా ఓటు? పియానో గట్టిగా వచ్చి, కొత్త స్కోర్ చూడగానే వాయించగలిగి, జర్మన్ ఇటాలియన్ నేర్చుకునే ఓపిక ఉంటే ఒపేరా హౌస్, రెండో ఆలోచన వద్దు, నేర్చుకుంటుంటే జీతం వచ్చేది ఈ దారిలోనే. వయొలిన్, చెల్లో, క్లారినెట్ వాళ్లయితే హెల్సింకి టైపు క్లాసే, కాలేజీ పేరు చూసి కాదు, అప్లై చేసే ముందు వారానికి ఎన్ని నిమిషాలు నిజం ఆర్కెస్ట్రా ముందు నిలబెడతారో మెయిల్ పెట్టి అడిగి మరీ. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కీబోర్డ్ గ్రేడ్లు పాసై ఒపేరా దారి అనుకుంటున్నవాళ్లు ముందు ఫిగారో రెండో అంకం ఫినాలే పియానో స్కోర్ తెచ్చుకుని కూర్చోండి. ఇద్దరితో మొదలై ఏడుగురితో ముగుస్తుంది, దాదాపు ఇరవై నిమిషాలు. ఆగకుండా వాయిస్తూ, మధ్యలో ఏ పాత్ర చెప్తే ఆ పాత్ర లైన్ పాడగలిగితే ఆడిషన్‌కి వెళ్లొచ్చు.