ఇచ్చిపుచ్చుకోవడానికి జిప్పు పౌచ్ మేలా, నాడా సంచి మేలా?

కుట్టు వచ్చినవాళ్లు ఒకరికొకరు చేతితో చేసిన కానుకలు పంపుకుందామనుకుంటే చాలామంది మనసు ముందు జిప్పు పౌచ్ మీదికే పోతుంది. చూడ్డానికి కొన్న వస్తువులా ఉంటుంది, పనితనం కనిపిస్తుంది. నాడా లాగి మూసే సంచి అంటే మాత్రం కుట్టు నేర్చుకునే మొదటివారంలో చేసేదని చిన్నచూపు. నా ఓటు ఎక్కువసార్లు ఆ సంచికే. అయితే జిప్పు గెలిచే సందర్భం ఒకటుంది, అక్కడ దానికి పోటీయే లేదు.

జిప్పు పౌచ్‌లో కష్టమంతా రెండు చివర్లలోనే. మధ్యలో జిప్పు ఫుట్ (జిప్పు పక్కనే కుట్టడానికి మిషన్‌కు బిగించే సన్నటి పాదం) పెట్టి తిన్నగా కుట్టుకుపోవడం నాలుగు పౌచ్‌లకే అలవాటవుతుంది. జిప్పు చివర పక్క కుట్టులో ఇరుక్కుంటే మాత్రం మూలలు ఉబ్బి, పౌచ్ తిరగేసినప్పుడు ఎలుక చెవుల్లా పైకి లేస్తాయి. జిప్పును గుడ్డ కన్నా రెండు మూడు సెంటీమీటర్లు పొట్టిగా కత్తిరించి, రెండు కొసలకూ చిన్న గుడ్డ ముక్కలు కుడితే ఈ బాధ తప్పుతుంది. నైలాన్ జిప్పయితే మామూలు కత్తెరతో కోయొచ్చు, పళ్ల మీదుగా కుట్టినా సూది విరగదు. లోహపు పళ్లదైతే కుట్టు పడేచోట పళ్లు పీకేయాలి. అందుకే కానుకలకు నైలాన్‌దే నయం.

ఇంకో రెండు సంగతులు. చుట్టూ కుట్టేముందు జిప్పు సగానికి పైగా తెరిచి ఉంచాలి, లేకపోతే పౌచ్‌ను తిరగేసే దారి ఉండదు. తిరగేశాక జిప్పు పక్కన పైనుంచి మరో కుట్టు వేయాలి. అది అందానికే అనుకుంటారు గానీ, అసలు పని లైనింగ్ రన్నర్‌లో, అంటే జిప్పు లాగే బిళ్లలో, పడి నలగకుండా ఆపడం. ఈ కుట్టు వేయని పౌచ్ అందుకున్నవాళ్లు కొన్నాళ్లకే రన్నర్‌తో కుస్తీ పడతారు. మొహమాటం కొద్దీ ఆ సంగతి మీకు చెప్పరు కూడా.

నాడా సంచికి ఈ తంటాలేవీ లేవు. మిషన్ లేకపోయినా చేత్తో బ్యాక్ స్టిచ్ (ఒక్కో కుట్టుకూ సూదిని కాస్త వెనక్కి తెచ్చి వేసే కుట్టు) వేస్తే చాలు, గట్టిగానే నిలుస్తుంది. కాకపోతే దీనికీ మర్యాదలున్నాయి. గుడ్డ పల్చగా ఉండాలి. జీన్స్ గుడ్డతోనో, బక్రం (బిరుసు కోసం లోపల పెట్టే గట్టి గుడ్డ) వేసిన గుడ్డతోనో కుడితే నోరు కుచ్చులు పడదు, ఎంత లాగినా నడుమ బెజ్జం మిగిలే ఉంటుంది. నాడా ఒకటి కాదు, రెండు కావాలి. ఒకటి కుడివైపు నుంచి, ఒకటి ఎడమవైపు నుంచి చుట్టూ తిరిగి వస్తే, రెండువైపులా పట్టి లాగగానే నోరు సమంగా మూసుకుంటుంది. ఇరవై సెంటీమీటర్ల వెడల్పు సంచికి ఒక్కో నాడా 60 సెంటీమీటర్లు తీసుకుంటే ముడికీ పట్టుకోవడానికీ సరిపోతుంది. నాడా దూర్చే మడత రెండు సెంటీమీటర్లుంటే పిన్నీసు హాయిగా తిరుగుతుంది. లోపల లైనింగ్ వేయకుండా అంచుల పోగులు వేలాడేలా పంపితే మాత్రం అది కానుక కాదు, పొట్లం.

ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఈ సంచి ఎందుకు గెలుస్తుందంటే, అందుకునేవారి అవసరం మనకు తెలియదు గనక. దాంట్లో ఛార్జర్ వేసుకోవచ్చు, ప్రయాణంలో లోదుస్తులు పెట్టుకోవచ్చు, అల్లిక నూలుండ పెట్టుకోవచ్చు. మడిస్తే రుమాలంతే అవుతుంది, కవర్లో పెట్టి పంపినా నలుగుతుందన్న దిగులు లేదు. ఇంకో చిన్న కానుక పెట్టి పంపాలంటే వేరే చుట్టుకాగితం కూడా అక్కర్లేదు.

చిల్లర, పెన్నులు, సూదులు పెట్టుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు. నోరు ఎంత బిగించినా సన్నటివి జారిపోతాయి. అవతలివాళ్లు కుట్టుపనిచేసేవారో, బొమ్మలు వేసేవారో అయితే జిప్పు పౌచే కుట్టండి. పెన్సిళ్ల పొడవు కొలిచి, దానికి మూడు సెంటీమీటర్లు కలిపి కుడితే వాళ్లు రోజూ వాడతారు. వాడేది తెలిసి కుట్టిన జిప్పు పౌచ్ ముందు నాడా సంచి నిలవదు. తెలియకుండా కుట్టింది అలమారలో పడి ఉంటుంది.

టిచ్ బటన్ పెట్టి మడిచే పౌచ్ కూడా ఉంది. కళ్లద్దాలకు బాగుంటుంది, మిగతా వాటికి ఊడిపోతుందేమోనన్న టెన్షన్. పైన లోహపు చట్రం బిగించే పర్సులు ముచ్చటగా ఉంటాయి. చట్రంలో గుడ్డ సరిగా కూరుకోకపోతే జారి బయటికొచ్చేస్తుంది కాబట్టి, చేయి తిరిగినవాళ్లు కాకపోతే ఎవరికో పంపేముందు తమకోసం ఒకటి కుట్టి వాడి చూడాలి.

ఏది కుట్టినా పై గుడ్డనూ లైనింగ్‌నూ ముందే విడివిడిగా ఉతికి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే కత్తిరించాలి. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో కాస్త ముడుచుకుంటుంది. ఒకటి ముడుచుకుని ఇంకోటి ముడుచుకోకపోతే సంచి ముఖమంతా ముడతలే. ముదురు ఎరుపు, నీలం అయితే రంగు వదులుతుందేమో తెల్లగుడ్డతో రుద్ది చూడటం ఇంకా మంచిది.

ఇక పంపుకునేవాళ్ల మధ్య పేచీ వచ్చేది కుట్టు దగ్గర కాదు, ఇద్దరూ పెట్టే శ్రమలో తేడా దగ్గర. ఒకరు రెండు సాయంత్రాలు కూర్చుని జిప్పు, లైనింగ్, లోపలి జేబు అన్నీ పెట్టి పంపితే, అవతలినుంచి గంటలో కుట్టిన సంచి వస్తే మనసు చివుక్కుమంటుంది. అందుకని మొదటే మాట్లాడుకోవాలి: లైనింగ్ ఉండాలా, ఎంత సైజు, ఏ రంగులు వద్దు, ఎప్పటిలోగా పంపాలి. అలా మాట్లాడుకోవడానికి మొహమాటమైతే ఇద్దరూ నాడా సంచే కుట్టుకోండి, తేడా గుడ్డ ఎంపికలో చూపించుకోవచ్చు.