ఇసుక దిబ్బల్లో గుంపు డ్రైవింగ్: నాలుగు సీజన్ల తర్వాత నా సమీక్ష

నాలుగు సీజన్లు, అరవై పైచిలుకు డ్రైవ్‌లు, ఒకటే బండి. పెట్రోలు, ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్. షోరూంలో ఏ టైర్లు ఇచ్చారో అవే, ఎత్తు కూడా అదే. ఇన్నాళ్ళు తిరిగాక రాయాల్సింది బండి గురించి కాదని తేలింది. ఏ బండి కొనాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను రాసేది కొత్తవాళ్ళను వరుసలో పెట్టి, ఎడారి దిబ్బల్లో తిప్పి నేర్పే ఆ పద్ధతి గురించి. దానివల్ల నేర్చుకున్నది చాలా ఉంది. నేర్చుకున్నాననుకుని నేర్చుకోనిది కూడా ఒకటుంది. అది బయటపడటానికి రెండేళ్ళు పట్టింది.

మొదటి రోజు నుంచి చెప్తాను. తారు రోడ్డు అయిపోయిన చోట బండ్లన్నీ ఆగుతాయి. ఎవరూ దిబ్బల వంక చూడరు, అందరూ టైర్ల పక్కన గొంతుక్కూర్చుంటారు. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉన్న గాలిని 15కి దింపాలి. ఏదో తప్పు పని చేస్తున్నట్టు అనిపించింది నాకు. గాలి తగ్గిన టైరంటే పంక్చరే కదా మనకు. నిజానికి ఇసుకలో నడిపే విద్యలో సగం ఇక్కడే ఉంది. గాలి తీస్తే టైరు అడ్డంగా పరుచుకుంటుందనుకుంటాం గానీ ఎక్కువగా పెరిగేది పొడవు. నేలకు ఆనే భాగం ముందుకూ వెనక్కూ సాగి, ట్యాంకు చెయిన్‌లా అవుతుంది. బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది కాబట్టి చక్రం ఇసుకను తవ్వకుండా పైపైన తేలిపోతుంది. 1920ల చివర్లో రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఫోర్డ్ కార్లు వేసుకుని లిబియా ఎడారిలో తిరుగుతూ పట్టుకున్న కిటుకుల్లో ఇదొకటి. కూరుకున్న చక్రాల కింద పెట్టడానికి ఆయన ఉక్కు పలకలు మోసుకెళ్ళేవాడు. నా డిక్కీలో ఉన్న ప్లాస్టిక్ రికవరీ బోర్డులు వాటికి మనవలన్నమాట.

15 అన్నది శిలాశాసనమేమీ కాదు. బరువైన బండికి 17 పెట్టుకోవచ్చు, బాగా మెత్తటి ఇసుకలో 12కి వెళ్తాం. పదికి దించగానే ఇరుక్కున్న బండి తనంతట తానే బయటికొచ్చేయడం చాలాసార్లు చూశాను. కానీ అంత తక్కువ గాలిలో స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. నాకు రెండుసార్లు ఊడింది. రెండుసార్లూ తప్పు నాదే, దిబ్బ కింద హడావుడిగా యూటర్న్ కొట్టబోయాను. ఇంకో సంగతి. పొద్దున్నే చలిలో 15 పెట్టిన టైరు ఎండకూ, నలిగి పుట్టే వేడికీ మధ్యాహ్నానికి 17, 18 చూపిస్తుంది. ఉదయం చక్కగా ఎక్కిన బండి పదకొండింటికి మొండికేస్తే ఇంజిన్‌ను తిట్టే ముందు గేజీ పెట్టి చూడాలి.

వరుస ఎలా ఉంటుందంటే, ముందు దారి చూపే బండి, దాని వెనకే బాగా కొత్తవాళ్ళు, తర్వాత కాస్త చెయ్యి తిరిగినవాళ్ళు, చిట్టచివర అనుభవం ఉన్న తోక బండి. స్వీప్ అంటారు దాన్ని. ప్రతి బండిలో వాకీటాకీ, ప్రతి బండికీ పొడవాటి కర్రకు కట్టిన జెండా. అవతల నుంచి ఎవరైనా వస్తుంటే బండి కన్నా ముందు జెండా కనబడాలని. వెనకవాడు అద్దంలో కనబడకపోతే ఆగాలి. ముందువాడు దిబ్బ వెన్ను, అంటే పైఅంచు, దాటి రేడియోలో "క్లియర్" అనేదాకా మనం ఎక్కకూడదు. ఈ రెండో నియమం తప్పితే ఏమవుతుందో ఒకసారి కళ్ళారా చూశాను. అవతలి గుంటలో ఒక బండి కూరుకుని ఉంది, ఆగలేని ఇంకొకాయన పైనుంచి ఎగిరి వచ్చాడు. జానెడు దూరంలో తప్పింది. ఆ రోజు సాయంత్రం దాకా రేడియోలో ఒక్కరూ జోకు వెయ్యలేదు.

మొదటి డ్రైవ్‌లో నేను ఐదుసార్లు కూరుకుపోయాను. అందులో నాలుగింటికి కారణం బ్రేకు. ఇసుకలో బ్రేకు తొక్కితే చక్రాల ముందు ఇసుక కుప్పపడుతుంది, మళ్ళీ కదలాలంటే ముందు ఆ గట్టు ఎక్కాలి. కదలడం లేదని ఆక్సిలరేటర్ తొక్కుతాం. చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటుంది, బండి పొట్ట ఇసుకకు ఆనుతుంది, ఇక పార దించాల్సిందే. ముందు బండిలో ఆయన గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది: "తమ్ముడూ, బ్రేకు మీంచి కాలు తియ్. ఆక్సిలరేటర్ వదిలెయ్ చాలు, ఇసుకే ఆపుతుంది." ముక్కు పల్లానికి ఉండేలా ఆగడం, దిగబడుతున్నట్టు అనిపించగానే కాలు తీసేసి వచ్చిన గాడిలోనే వెనక్కి రావడం. ఈ రెండూ ఒంటికి పట్టడానికి ఆరు డ్రైవ్‌లు పట్టింది. ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఆపెయ్యాలి, లేకపోతే చక్రం జారగానే సరిగ్గా దిబ్బ సగంలో పవర్ కోసేస్తుంది. నా బండిలో ఆ బటన్ ఒకసారి నొక్కితే సగమే ఆగుతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మాన్యువల్లో ఉంది. నేను చదివింది మూడో డ్రైవ్ అయ్యాక.

ఎక్కువ కాలం భయపెట్టింది మాత్రం దిబ్బ వెన్ను. ఎక్కుతున్నప్పుడు బానెట్టూ ఆకాశమూ తప్ప ఏమీ కనబడదు. ఊపు చాలకపోతే పొట్ట వెన్ను మీద ఆనుకుని, ముందు చక్రాలు అటూ వెనక చక్రాలు ఇటూ వేలాడుతూ కూర్చుంటాం. ఎక్కువైతే గాల్లోకి లేచి బంపర్‌తో దిగుతాం. పైకి చేరేసరికి ఊపు సరిగ్గా అయిపోవాలి, ముందు చక్రాలు దాటగానే కాలు తీసెయ్యాలి. వెన్నును తిన్నగా దాటాలి, ఏటవాలుగా దాటబోతే బండి పక్కకు ఒరిగిపోతుంది. ఇక అవతలి దిగుడు చూస్తే ప్రాణం జారిపోతుంది. నాకు ధైర్యమిచ్చింది ఒక చిన్న లెక్క. పొడి ఇసుక సుమారు 34 డిగ్రీల వాలుకు మించి నిలబడలేదు, అంతకన్నా నిటారుగా పోస్తే దానికదే జారిపోతుంది. అంటే సీట్లోంచి నిలువు గోడలా కనిపించే ఆ జారుడు నిజానికి అంతే. ముక్కు తిన్నగా కిందికి పెట్టి, చిన్న గేరులో, బ్రేకు జోలికి పోకుండా వదిలితే ఇసుకతో పాటు బండి కూడా మెల్లగా జారుతూ దిగుతుంది. వెనక భాగం పక్కకు తిరగబోతే స్టీరింగ్ పల్లానికి తిప్పి, ఆక్సిలరేటర్ కొంచెం తొక్కాలి. ఇది మనసు ఒప్పుకోదు. మనసు ఒప్పుకున్నా కాలు ఒప్పుకోదు.

ఎక్కలేక మధ్యలో ఆగిపోతే అక్కడే బండి తిప్పే ప్రయత్నం చెయ్యకండి. బోల్తా కొట్టేది అలాంటి చోటే. రివర్సులో, తిన్నగా, వచ్చిన దారినే దిగాలి.

ఇక అసలు లోపం సంగతి. రెండు సీజన్లు నేను వరుసలో రెండో బండిగానో మూడో బండిగానో తిరిగాను. ముందు బండి టైరు గాడిలో నా టైరు పెట్టుకుంటూ వెళ్ళడమే పని. గాడి తప్పకపోతే పెద్దగా కూరుకోము. కూరుకోకపోతే "బాగా నడుపుతున్నావ్" అంటారు. మనమూ వచ్చేసిందనుకుంటాం. మూడో సీజన్లో ఒక రోజు గాలి లేచింది. ముందు బండి జెండా ఇసుక పొరలో కలిసిపోయింది, గాడులు చూస్తుండగానే పూడిపోయాయి. రేడియోలో ఆయన "ఎడమ దిబ్బ చుట్టూ తిరిగి రా, జారుడు వైపు పోకు" అంటున్నాడు. నా చుట్టూ నాలుగు దిబ్బలున్నాయి. ఏది జారుడు వైపో నాకు తెలియలేదు! గాలి కొట్టే వైపు వాలు తక్కువగా, ఇసుక గట్టిగా, సన్నటి అలలు అలలుగా ఉంటుందనీ, గాలి మరుగు వైపు, అంటే జారుడు వైపు, నిటారుగా, నున్నగా, మెత్తగా ఉంటుందనీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. చెప్పడమే వచ్చు, చూడటం రాదు. రెండేళ్ళుగా నా కళ్ళు ముందు బండి గాడి మీదే ఉన్నాయి, ఇసుకను ఎప్పుడు చూశాయి కనక? ఉన్నచోటే ఆగి, వాళ్ళొచ్చి తీసుకెళ్ళేదాకా కూర్చున్నాను.

ఆ తర్వాత అడిగి మరీ తోక బండికి సాయంగా, చివరి నుంచి రెండో స్థానంలోకి వెళ్ళాను. ఎనిమిది బండ్లు పోయాక మిగిలే ఇసుక దున్నిన చేనులా ఉంటుంది. గాడిలో పోతే కూరుకోవడం ఖాయం, పక్కన కొత్త దారి మనమే వెతుక్కోవాలి. వెతుక్కోవాలంటే ఇసుకను చదవక తప్పదు. పైగా ముందు ఎవరు కూరుకున్నా వెళ్ళి తీసేది మనమే. ఎవరు ఏ తప్పు చేసి ఎక్కడ కూర్చున్నారో రోజంతా చూస్తాం, తవ్వుతాం, అర్థమవుతుంది. ఆ ఒక్క సీజన్లో తెలిసినంత ముందు రెండింటిలో కలిపినా తెలియలేదు. గుంపులు నడిపేవాళ్ళతో నా ఫిర్యాదు ఇదొక్కటే. కొత్తవాళ్ళను ముందు పెట్టుకోవడం సరైనదే, ప్రాణానికి అదే మేలు. కానీ ఐదారు డ్రైవ్‌లయ్యాక ఒకసారైనా వెనక్కి పంపండి. అప్పుడప్పుడు బండి దింపి దిబ్బ మీద నడిపించండి. ఎక్కడ మెత్తగా ఉందో కంటి కన్నా ముందు మడమకు తెలుస్తుంది.

సామాన్లలో నేను పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది పార. సగం రికవరీలు పారతోనూ, ఇంకో రెండు మూడు పీఎస్ఐ గాలి తీయడంతోనూ అయిపోతాయి, తాడు దాకా పోనక్కర్లేదు. మొదట కొన్న కంప్రెసర్ లైటర్ సాకెట్‌కు పెట్టే రకం. రెండో టైరుకే వేడెక్కి ఆగిపోయేది, ఒకసారి ఫ్యూజు కూడా తీసింది. క్లిప్పులతో నేరుగా బ్యాటరీకి తగిలించే రకం కొన్నాక మళ్ళీ ఆ బాధ లేదు. రికవరీ బోర్డులు ఎర్ర రంగువి తీసుకోవడం మంచి పనైంది, ఇసుకలో పూడిపోయినా దొరుకుతాయి. అయితే వాటి మీద చక్రం గిర్రున తిప్పితే ప్లాస్టిక్ పళ్ళు కరిగిపోతాయి. నావి సగం కరిగాయి, తొందర ఎక్కువ.

కైనెటిక్ తాడు గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. అది సాగుతుంది, సాగి మళ్ళీ ముడుచుకునే శక్తితో కూరుకున్న బండిని గుంజేస్తుంది. పనితనం అద్భుతం. అంత శక్తి తెగితే ఎటు పోతుందో ఆలోచించండి. ట్రైలర్ తగిలించే టో బాల్‌కు ఎన్నడూ కట్టకూడదు. అది విరిగిందంటే తుపాకీ గుండే, అలా మనుషులు చనిపోయారు. ఛాసిస్‌కు బిగించిన గట్టి హుక్ మీ బండికి ఉందో లేదో మొదటి డ్రైవ్‌కు ముందే పడుకుని చూసుకోండి. చాలా బండ్లతో వచ్చే, మర తిప్పి బిగించే ఇనుప రింగు రోడ్డు మీద మెల్లగా లాగడానికే, ఇలాంటి గుంజుడుకు కాదు. తాడు బిగుస్తున్నప్పుడు నడిపే ఇద్దరు తప్ప అందరూ దూరంగా, పక్కకు ఉండాలి. ఫోన్లో వీడియో తీసేవాళ్ళు కూడా.

ఒక గుంపుతో ఒక్కసారే వెళ్ళి మానేశాను. పద్దెనిమిది బండ్లు, తోక బండి లేదు, బయల్దేరింది మిట్టమధ్యాహ్నం. సూర్యుడు నెత్తి మీదుంటే దిబ్బలకు నీడలుండవు, అంతా ఒకే తెల్లటి పరుపులా కనబడుతుంది, వెన్ను ఎక్కడ తెగిందో తెలియదు. రెండు బంపర్లు పోయాయి, ఒకాయన నడుము పట్టేసి మర్నాడు మంచం దిగలేదు. ముందు బండి ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. అందుకే ఇప్పుడు ఏ కొత్త గుంపునైనా ఎన్ని బండ్లు, తోక ఎవరు, ఒకరు కూరుకుంటే మిగతావాళ్ళు ఏం చేస్తారు అని ముందే అడుగుతాను. చివరి ప్రశ్నకు విసుక్కుంటే ఇంటికొచ్చేస్తాను. నా లెక్కలో పది బండ్లు దాటితే నడిపేది తక్కువ, నిలబడేది ఎక్కువ.

బండి మీద పడ్డ భారం కూడా చెప్పాలి. ముందు బంపర్ కింది క్లిప్పులు ఒక్కటీ మిగల్లేదు. ఎయిర్ ఫిల్టర్ రెండు డ్రైవ్‌లకోసారి దులుపుతాను. ఇసుకలో పెట్రోలు రోడ్డు మీద కన్నా రెట్టింపు తాగుతుంది. గేరు ఆయిల్ గడువు కన్నా చాలా ముందే మార్పిస్తున్నాను, పెద్ద దిబ్బ ఎక్కేటప్పుడు ఏసీ ఆపేస్తాను. ఎండుగడ్డి మీద బండి ఆపి ఇంజిన్ నడుస్తుండగా వదలను, కింద సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది. ఇవి తప్ప నాలుగు సీజన్లలో పెద్ద రిపేరేమీ రాలేదు.

మా ఆవిడ మొదటి రెండు డ్రైవ్‌లు పక్క సీట్లో పిడి పట్టుకుని కూర్చుంది, మూడోసారి స్టీరింగ్ అడిగింది. నేను చేసిన పొరపాటు ఆమెతో చేయించలేదు. నాలుగు డ్రైవ్‌లు ముందు నడిపించి, ఐదోసారికి చివరి నుంచి రెండో బండిగా పెట్టించాను. ఇప్పుడు నేను పక్క సీట్లో, నోరు మూసుకుని. మూడో దిబ్బ దగ్గర అందరి గాడీ వదిలేసి కుడికి తిప్పింది.

"ఎందుకు అటు?" అన్నాను.

"అలలు అటున్నాయి, చూడండి" అంది.