వేట నిషేధం, వల కన్ను: చేపకు ఏది మేలు?

ఏప్రిల్ 15 దగ్గర పడిందంటే మా గుంటూరు మిత్రులు అడిగేది ఒకటే: రెండు నెలలు వేట ఆపితే సముద్రంలో చేప నిజంగా పెరుగుతుందా? పెరుగుతుంది. కానీ వల మారకపోతే ఆ పెరిగింది నిలవదు.

తూర్పు తీరంలో జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. అమలు చేయడం తేలిక. నిజాంపట్నం హార్బరులో పడవ కట్టేసి ఉందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. అయితే అన్ని చేపలూ ఈ రెండు నెలల్లోనే గుడ్లు పెట్టవు. పైగా జూన్ 15న పడవలన్నీ పాత వలలతోనే ఒక్కసారిగా బయల్దేరితే ఈ ఏడు పుట్టిన పిల్లలే వల చివరి సంచిలో పడతాయి.

మొన్న ఆదివారం మార్కెట్లో చూపుడువేలంత గొరక చేపలు గుట్టగా పోసి ఉన్నాయి. "ఇంత చిన్నవి ఎందుకు పట్టారు పిన్నీ?" అన్నాను. "వల పైకొచ్చేసరికే చచ్చిపోయుంటాయయ్యా, వదిలితే మాత్రం బతుకుతాయా?" అంది. నాకు తేల్చింది ఆ మాటే. కేరళలో కానాగంత చేపకు 14 సెంటీమీటర్ల కనీస సైజు పెట్టారు. మంచిదే, కానీ ఒడ్డున కొలిచేది చచ్చిన చేపను. పిల్లచేప బతకాలంటే నీళ్లలో ఉండగానే వల కన్నులోంచి, అంటే అల్లికలోని రంధ్రంలోంచి, జారిపోవాలి.

ఇక్కడ కన్ను ఎంత పెద్దదన్నదే కాదు, ఏ ఆకారమన్నదీ చూడాలి. పడవ వెనక ఈడ్చుకెళ్లే మామూలు ట్రాల్ వలకు డైమండ్ ఆకారపు కన్ను ఉంటుంది. వదులుగా పట్టుకుంటే వేలు దూరుతుంది. రెండు వైపులా గట్టిగా లాగి చూడండి, చీలికలా మూసుకుపోతుంది. సముద్రంలో ఇంజన్ లాగుతూ, సంచి నిండి బరువెక్కినప్పుడు జరిగేదీ అదే. చదరపు కన్ను ఎంత లాగినా తెరుచుకునే ఉంటుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సిఫార్సు చేసేదీ ఈ కన్నునే.

తీరం నుంచి 8 కిలోమీటర్లు నాటుపడవలకు వదలాలన్న నియమమూ ఉంది. అది మత్స్యకారుల మధ్య న్యాయానికి కావాలి, పిల్లచేపల సంగతి దానితో తేలదు.

చదరపు కన్ను సంచి కడితే చిన్న రొయ్య కొంత పోతుంది. అప్పు చేసి డీజిల్ పోయించుకున్న పడవకు అది నష్టమే. మన రాష్ట్రంలో నిషేధ కాలానికి కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తున్నారు కదా, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకునే ఆ రోజుల్లోనే చదరపు సంచి కూడా చేతికివ్వాలి.