దవడ కీలు నొప్పికి ‘శాశ్వత పరిష్కారం’ ప్యాకేజీ తీసుకోబోయేవారికి హెచ్చరిక

చెవి ముందు నొప్పి, నోరు తెరిచినప్పుడల్లా టక్కుమనే చప్పుడు, ఆవలింత వస్తే భయం. ఈ బాధతో ఫోన్‌లో వెతికినవారికి ఆ దంత వైద్యశాల ప్రకటన తప్పకుండా కనిపించి ఉంటుంది. ఏ ప్రకటన గురించి చెబుతున్నానో వారికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. నొప్పి తగ్గించుకుందామని అక్కడికి వెళ్లిన నేను, ఏ జబ్బూ లేని రెండు దవడ పళ్లను అరగదీయించుకుని, నా పేరిట ఒక అప్పు కూడా తెచ్చుకుని బయటికి వచ్చాను.

చెవిలో దోషమేమీ లేదని, దవడ కీలు చూపించుకోమని చెవి ముక్కు గొంతు డాక్టరుగారు చెప్పాక ఆ దంత వైద్యశాలకు వెళ్లాను. అక్కడివారు ఓపీజీ (రెండు దవడలూ, పళ్లన్నీ ఒకేసారి కనిపించే) ఎక్స్‌రే తీసి తెర మీద వేలు పెట్టి చూపిస్తూ, కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారిపోయిందని, పైపళ్లకూ కిందిపళ్లకూ పొత్తు కుదరకపోవడమే దానికి కారణమని, ఆలస్యం చేస్తే నోరు తెరుచుకోదని అన్నారు. మొత్తం ప్యాకేజీ 1,40,000 రూపాయలు. ‘నమోదు కోసం’ అంటూ కౌంటరులో నా ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడిగి తీసుకున్నారు. అది ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి నా పేరిట అప్పు మంజూరు చేయించడానికని, ఆ డబ్బంతా అదే రోజు వారి ఖాతాలో పడిందని తర్వాత వచ్చిన సందేశాలు చూస్తే గాని తెలియలేదు.

అసలు ఘోరం కుర్చీలో జరిగింది. రాత్రిపూట పళ్లకు తొడుగులా వేసుకునే స్ప్లింటును సరిచూస్తామని పిలిచారు. కీలు వదులవుతుందని చెప్పి ఇంజెక్షన్ చేశారు. ‘ఎత్తు కొంచెం సరిచేస్తాను’ అని డాక్టరు అన్నప్పుడు స్ప్లింటు ఎత్తు గురించే అంటున్నారని అనుకున్నాను, ఎవరైనా అలాగే అనుకుంటారు. అంతలో యంత్రం గీమని మోగింది, కాలిన కొమ్ము వాసన ముక్కుకు తగిలింది. ఆపమని చెయ్యి ఎత్తితే, పక్కన నిలబడిన సహాయకురాలు నా మణికట్టు పట్టుకుని కిందికి దించి, ‘కదలకండి మేడమ్’ అంది. పుక్కిలించి ఉమ్మిన నీళ్లలో తెల్లని పొడి కనిపించింది. అద్దం అడిగి చూసుకుంటే ఎడమవైపు రెండు పళ్లు మొద్దుల్లా చెక్కి ఉన్నాయి. వాటి మీద క్యాపులు వేసి కాటు, అంటే పైపళ్లూ కిందిపళ్లూ కలిసే తీరు, సరిచేస్తారట! దీనికి నేను ఎప్పుడు ఒప్పుకున్నానని అడిగితే, ఆ డాక్టరు చేతి తొడుగులు విప్పుతూ, నా ముఖమైనా చూడకుండా, ‘నొప్పి మీకా, నాకా?’ అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. కౌంటరులోని అమ్మాయి ట్యాబులో నా సంతకం చూపించింది. ఎక్స్‌రే కోసమని చెప్పి చేయించుకున్న సంతకమే అది. డబ్బు వాపసు ఉండదని, కావాలంటే మిగతా పళ్ల పనికి సర్దుతామని చెప్పింది.

ఆ తర్వాత అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి వైద్యురాలు బుగ్గ మీద, కణత మీద వేలితో నొక్కి చూసి, నేను రోజూ పడుతున్న నొప్పి సరిగ్గా ఆ చోటే రావడం గమనించి, ఇది ప్రధానంగా నమిలే కండరాల నొప్పి అని తేల్చారు. ఓపీజీలో ఎముకలు, పళ్లు కనిపిస్తాయే తప్ప డిస్కు కనిపించదని, దాని స్థానం తెలియాలంటే ఎం.ఆర్.ఐ. తీయాలని ఆమె చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. కనిపించని డిస్కును తెర మీద వేలు పెట్టి చూపించి నా పళ్లు చెక్కారు. నొప్పి లేకుండా చప్పుడు మాత్రమే వస్తుంటే సాధారణంగా చికిత్సే అవసరం లేదట. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2023లో ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక దవడ నొప్పికి నిపుణుల పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలను, నొప్పిని తట్టుకునే తీరును నేర్పే మానసిక చికిత్సను గట్టిగా సిఫారసు చేశాయి. కాటును శాశ్వతంగా మార్చే స్ప్లింట్లు వద్దని అంతే గట్టిగా చెప్పాయి. అరిగిన ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) మళ్లీ పెరగదు కనుక ఆ రెండు పళ్లకు నేను ఇక జీవితాంతం క్యాపులు వేయించుకోక తప్పదు. ప్రస్తుతం చన్నీళ్లు తగిలితే ప్రాణం లేచిపోతోంది.

నాకు రాసిచ్చిన చికిత్సలో ఖర్చనదగ్గది ఏదీ లేదు: కొన్నాళ్లు మెత్తని అన్నం, చెవి ముందు వేడి కాపడం, చూయింగ్ గమ్, మొక్కజొన్న పొత్తులు, వక్కలు మానడం, ఊరక ఉన్నప్పుడు పెదవులు మూసి పళ్లు తాకకుండా ఉంచుకోవడం, నేర్పిన వ్యాయామాలు, అవసరమైతే కొద్ది రోజులు నొప్పి మాత్ర. నోరు బిగుసుకుపోయినా, వాపూ జ్వరమూ ఉన్నా, నడిచినప్పుడు ఛాతీ బరువుతో పాటు దవడ లాగినా ఇంట్లో కాపడాలతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, చివరిది గుండె జబ్బు లక్షణం కావచ్చు.

ఎవరైనా పళ్లు అరగదీయాలంటే మరో చోట చూపించుకునే దాకా ఒప్పుకోకండి, ఓటీపీ చెప్పకండి, సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం చదవనివ్వమనండి. ఇప్పటికే మోసపోయినవారు ఎక్స్‌రే, బిల్లు, సంతకం చేసిన పత్రం నకళ్లు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది, నేను ఈ వారమే వేస్తున్నాను.